ఎల్లాజీ ఏ వరసలో ఉన్నాడు

మా అపార్ట్‌మెంటుకి లిఫ్టు ఉంది. ఆ రోజు కూడా ఉంది, పనిచెయ్యలేదు, అంతే. అందుకని నూకాలత్త చేపల సంచీ చేత్తో పట్టుకుని మెట్లన్నీ ఎక్కివచ్చి, ఆయాసం ఇంకెవరిదో అన్నట్టు మా తలుపు ముందు నిలబడి బెల్లు నొక్కింది. కింద వాచ్‌మన్ ఎవరింటికని అడిగితే ‘లూర్దు పాప ఇంటికి’ అందట. ఈ బ్లాకులో ఆ పేరుగల చంటిపిల్ల ఎవరా అని అతను పాపం చాలాసేపు ఆలోచించాడట. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరై, మోకాలు మార్పించుకుని, జుట్టుకి రంగు వెయ్యడం కూడా మానేసినదాన్ని నేను. నన్ను పాప అని పిలిచే మనిషి మద్దిలపాలెం మొత్తం మీద ఆ పూట ఆవిడొక్కతే.

సోఫాలో కూర్చోమన్నాను. దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, నమ్మకం కుదరక నేలమీదే కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. తెచ్చిన వంజరం ముక్కలు ఫ్రిజ్‌లో తొయ్యకుండా ఇప్పుడే ఉప్పూ పసుపూ పట్టించమని చెప్పింది. ఫ్యాను కింద కొంగుతో మొహం తుడుచుకుని అసలు సంగతికి వచ్చింది.

“పాపా, మాయాయన ఇంకా మజ్జిలోనే ఉన్నాడేటి?”

తెలియనివాళ్ళు వింటే ఆయన ఏ జంక్షన్‌లోనో ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడనుకుంటారు. నూకాలత్త మొగుడు ఎల్లాజీ సముద్రం మీదకి వేటకి వెళ్ళి, నేను లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లోనే, తిరిగి రాలేదు. ‘మజ్జి’ అంటే ఏ మధ్యో నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఆ మధ్యని కనిపెట్టినది మా మామ్మ. ఆవిడ సమాధుల తోటలో ఉంది కాబట్టి, సంగతేమిటో నేనే చెప్పాలి.

జాలరిపేట అంచున ఉండేది మా వీధి. ఒక చివర సముద్రం, ఇంకో చివర కుళాయి. రెండిట్లోనూ ఉప్పు నీళ్ళేనని మా తమ్ముడు జోజి అనేవాడు. కుళాయి విషయంలో కొంచెం ఎక్కువచేసి చెప్పేవాడు. వీధిలో వేటకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళే ఎక్కువ, కథోలికుల ఇళ్ళు తక్కువ. నాన్న పోర్టులో పనిచేసేవాడు. సాయంత్రానికి ఇనప ఖనిజం దుమ్ముతో నిలువెల్లా ఎర్రబడి వచ్చేవాడు. అమ్మ ఆయన్ని గుమ్మం బయటే దులిపి, మనిషెవరో రూఢి చేసుకున్నాక లోపలికి రానిచ్చేది. మా ఇంటి వాసన ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. పక్క పెరట్లో ఎండే నెత్తళ్ళు, కిరసనాయిలు స్టవ్వు, మరియమాత స్వరూపం ముందు వాడిన మల్లెపూలు, మామ్మ చుట్ట, ఇవన్నీ కలిసి గోడల్లోకి ఇంకిపోయి ఉండేవి. సున్నం వేయించిన ఏడాది కూడా ఒక్క వారంలో మళ్ళీ పైకి వచ్చేశాయి.

మామ్మ పేరు అన్నమ్మ. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, కాలే కొసని నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆడవాళ్ళకి అదొక విద్య. లోపల నిప్పు ఉండగానే అమ్మకి పులుసులో చింతపండు ఎంత పడాలో చెప్పేది, మమ్మల్ని తిట్టేది, వీధిలో పోయేవాళ్ళని ఆపి వాళ్ళింటి కబుర్లు అడిగేది. జపం వేళకి మాత్రం చుట్ట ఆర్పి, మిగిలిన ముక్కని కిటికీ గూట్లో ఒక అట్టముక్క వెనక దాచేది, మాతకి కనబడకుండా. ఆ సంగతి మాతకి తెలియదని మామ్మ గట్టి నమ్మకం.

దీపాలు పెట్టే వేళకి జపమాల మొదలయ్యేది. అది పూర్తయితేగాని కంచాలు కడిగేవారు కాదు. వంటింట్లో వేపుడు వాసన, ఇక్కడ మోక్షపు మాటలు. ఆ రెండిటి నడుమ పిల్లల భక్తి ఎంత నలిగిపోతుందో పెద్దవాళ్ళు పట్టించుకోరు. జోజి తన వంతు మంగళవార్త జపాన్ని ఒక్క ఊపిరిలో ముగించడం నేర్చుకున్నాడు. “ఏట్రా, మాతేటైనా బండికి ఏలైపోతాదని బయలెల్తందేటి. ఆవిడి ఎక్కడికీ ఎల్లదు, మెల్లిగా సెప్పు” అనేది మామ్మ. మెల్లిగా చెబితే చేప చల్లారిపోతుందని వాడు అనలేదు. వాడి మొహం అనేది.

జపమాల తరవాత అసలు కార్యక్రమం. మామ్మ మనుషుల పేర్లు వరసగా చెప్పేది, ఒక్కొక్క పేరుకి మేము ఒక చిన్న జపం. ముందు బతికున్నవాళ్ళ వరస, తరవాత పోయినవాళ్ళ వరస. బతికున్నవాళ్ళకోసం బాసింపట్టు వేసుకుని కూర్చునే చెప్పుకోవచ్చు. పోయినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీదకి మారాలి. “బతికున్నోళ్ళకి ఆళ్ళ మోకాళ్ళు ఆళ్ళకున్నాయి. పోనోళ్ళకి నేవు గదా, మనవే ఎయ్యాల” అనేది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. మా చర్చి ఫాదర్‌గారిని అడిగితే, పుస్తకంలో లేదుగాని ఉన్నా నష్టం లేదన్నారు.

మామ్మ సర్వేశ్వరుణ్ణి అడిగేవి చాలా చిన్నవి. జోజికి జ్వరం తగ్గించమని అడిగేది కాదు, పొద్దున్నకి గంజి తాగేంత దింపితే చాలనేది. నాన్నకి ప్రమోషన్ అడిగేది కాదు, ఆ ఫోర్మన్ మొహం కాసేపు అటు తిప్పమనేది. తన కీళ్ళనొప్పి నయం చెయ్యమని ఎన్నడూ అడగలేదు. మోకాలు ఆదివారం పూజ దాకా ఆగితే చాలు. సోమవారం మళ్ళీ మొదలు, వచ్చే ఆదివారం దాకా. అడిగేదేదో పెద్దది అడగవచ్చు కదా అన్నాను ఒకసారి. “పెద్దది అడిగితే ఆయన ఆలోసించుకోవాల. సిన్నదైతే బేగి ఇచ్చీసి ఇంకోళ్ళ కాడికి ఎల్లిపోతాడు. అక్కడ మనవొక్కలమేనేటి?” అంది. తరవాత కాలేజీలో ముప్పై ఏళ్ళపాటు డిమాండ్, సప్లై చెప్పినా దీనికి ఎదురు చెప్పగలిగేది నాకేమీ దొరకలేదు.

పోయినవాళ్ళ వరసలో మొదటి పేరు ఇన్నాసి తాతది. తాత ఉత్తరించే స్థలంలో ఉన్నాడన్నది మా ఇంట్లో, ఫలానాయన రైల్వేలో ఉన్నాడన్నంత మామూలుగా చెప్పుకునే మాట. ఉత్తరించే స్థలమంటే పోయినవాళ్ళు మోక్షానికి వెళ్ళేముందు మురికి వదిలించుకునే చోటు. అక్కడివాళ్ళు తమకోసం తాము ఏమీ చేసుకోలేరట. ఇక్కడ మనం చేసే జపమే వాళ్ళకి సబ్బూ నీళ్ళూ. ఒకసారి ఫాదర్‌గారు ఇంటికి వచ్చి, ఓదార్పుగా, “అన్నమ్మగారూ, ఇన్నేళ్ళ ప్రార్థనతో మీవారు ఈపాటికి మోక్షం చేరిపోయి ఉంటారండీ” అన్నారు. మామ్మ, “మీరు సదువుకున్నోరు ఫాదరుగోరూ. నాను ఆయనతో కాపరం సేసినాను” అంది. ఆ సాయంత్రం తాతకి ఒక జపం అదనంగా పడింది.

మామ్మ చెప్పే వరసలకి వీధిలో పేరుండేది. మా గోడలు పల్చన, ఆవిడ గొంతు చిక్కన. ఎవరి పేరు ఏ పూట ఏ వరసలో పడిందో కుళాయి దాకా తెలిసిపోయేది. పెద్దాసుపత్రిలో ఉన్న మనిషిని మామ్మ ఒక సాయంత్రం మోకాళ్ళ వరసలోకి మార్చిందంటే, మర్నాడు పొద్దున్నకి వాళ్ళింటికి కబురు వచ్చేది. ఇలా పలుమార్లు జరిగేసరికి ఆవిడకి పైనుంచి తెలుస్తుందని వీధి తీర్మానించింది. పెద్దాసుపత్రిలో ఒక ఆయా మామ్మకి దూరపు చెల్లెలని, డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా ఇంట్లో టీ తాగి వెళ్ళేదని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మామ్మ కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అనేది.

ఎల్లాజీ మా ఎదురింటి మనిషి. పొడుగ్గా, నల్లగా, నవ్వితే వీధి చివరికి వినబడేలా ఉండేవాడు. అమ్మవారి పండగకి గరగ ఎత్తుకుని ఆడేవాడు, క్రిస్మస్‌కి మా ఇంటి నక్షత్రం కట్టడానికి నిచ్చెన అక్కర్లేకుండా వచ్చేవాడు. సాయంత్రం కిటికీ ఊచలు పట్టుకుని మామ్మని ఏడిపించడం అతనికి అలవాటు.

“మామ్మగోరూ, మీ దేవుడికి నా పేరు సెప్పినారా?”

“రోజూ సెప్తన్నాన్రా. కల్లు తగ్గించమని.”

“అదొక్కటీ ఒగ్గేసి ఇంకేటైనా అడగండి, మీకు పున్నెవుంటాది.”

ఒకరోజు ఎల్లాజీ తన తెప్ప మీద ఒక్కడే వేటకి వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. మిగతావాళ్ళు తిట్టుకుంటూ ఒడ్డెక్కారు. అతను రాలేదు. తెప్ప మాత్రం తరవాత భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ఖాళీగా. నూకాలత్త అప్పటికి చిన్నది, చంకలో పిల్లాడు. ఏడవలేదు. హార్బర్ బయట లంగరేసి ఉండే ఓడలని చూపించి, “ఏదో ఓడోడు ఎక్కించుకునుంటాడు. ఎక్కించుకున్నోడు మజ్జిలో దింపడు గదా. సింగపూర్ ఎల్లి దింపుతాడు. ఒత్తాడు” అంది. ఓడలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. అతను రాలేదు.

ఎల్లాజీ తండ్రి దానయ్య మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే నూకాలత్త తిట్టి పంపేసేది. ఆయన కొన్నాళ్ళు ఆగి, ఒక పొద్దున్న వీధిలో అందరూ వింటుండగానే మెత్తగా మొదలుపెట్టాడు.

“కోడలా, ఎన్నాలని ఆగుతావు? కర్మ సెయ్యకపోతే ఆడు అలగే తిరుగుతాడు.”

“తిరిగితే ఇంటికే ఒత్తాడు గదా మావా.”

కర్మ చెయ్యడమంటే నూకాలత్త గాజులు తియ్యడం, బొట్టు తియ్యడం. ఆవిడ రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడింది. దానయ్య అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి మా ఇంటి వైపు చూశాడు. “సరే. ఆ కిరస్తానం మామ్మకి పైనించి కబుర్లొత్తాయి. ఆవిడి ఏ రోజు ఆడి పేరు మోకాళ్ళేసి సెప్తాదో, ఆ రోజు కర్మ సేత్తాం. అందాకా నానేటీ అనను” అన్నాడు. వీధంతా ఇది న్యాయమేనంది.

ఈ ఒప్పందం మామ్మని అడిగి చేసుకున్నది కాదు. కబురు చెప్పినప్పుడు ఆవిడ నోట్లో చుట్ట తనంతట తనే ఆరిపోయింది. అలా జరగడం మా ఇంట్లో ఎవరూ అదివరకు చూడలేదు.

ఆ సాయంత్రం నుంచి నూకాలత్త, ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని మా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. లోపలికి రమ్మంటే రాదు. వీధిలో మిగతావాళ్ళకి కూడా సరిగ్గా ఆ వేళకే మా గుమ్మం ముందు ఏదో ఒక పని పడేది. ఒకాయన అక్కడే కూర్చుని వల బాగుచేసుకునేవాడు, చిరుగు లేని వల. మామ్మ ఎల్లాజీని బతికున్నవాళ్ళ వరసలోనే చెప్పింది. అరుగు మీద గాజులు కదిలిన చప్పుడు. బయట వల సర్దేసుకుని వెళ్ళిపోయిన చప్పుడు. మర్నాడూ అంతే. కానీ మామ్మకి అన్నం సయించడం మానేసింది. ఆవిడ బాధ ఆవిడది. అతను నిజంగా పోయి ఉంటే, ఉత్తరించే స్థలంలో కొత్తగా వచ్చి దిక్కులు చూస్తుంటాడు. ఇక్కడ ఈవిడేమో వీధి మర్యాద కోసం అతన్ని బతికున్నవాళ్ళలో లెక్కేసి కూర్చుంది. అలాగని మోకాళ్ళు వేస్తే, అరుగు మీద చేతులు బోసిపోతాయి. ఒక ఆత్మ, ఒక చెయ్యి. ఏది ముందు?

మామ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుని ఫాదర్‌గారి దగ్గరికి బయల్దేరింది. ఆయన గుంటూరు వైపునుంచి వచ్చినవారు, సముద్రం గురించి ఏం మాట్లాడాలన్నా ఒకటికి రెండుసార్లు చూసుకునేవారు.

“అతను పోయాడని మీకు ఖాయంగా తెలుసా అన్నమ్మగారూ?”

“తెల్దు.”

“పోనీ, బతికున్నాడని?”

“అదీ తెల్దు. తెలిస్తే మీకాడికెందుకొత్తానండి.”

“దేవుడికి తెలుసు కదండీ. మీరు ఏ వరసలో చెప్పినా ఆయన సరైన చోట వేసుకుంటాడు.”

“దేవుడి గురించి నాకు బెంగ నేదు ఫాదరుగోరూ. ఈదంతా ఇంటన్నాది. అదీ నా బాద.”

ఫాదర్‌గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మా ఇద్దరికీ టీ ఇప్పించారు. ఆ సమస్యకి దైవశాస్త్రం దగ్గర ఉన్నది అంతే.

ఆ సాయంత్రం జపమాల మామూలుగానే అయింది. బతికున్నవాళ్ళ వరస అయింది. అందులో ఎల్లాజీ పేరు రాలేదు. అరుగు మీద చప్పుడు ఆగిపోయింది. మామ్మ మోకాళ్ళ మీదకి మారడానికి లేవబోయింది. ఆవిడ లేవడమంటే చిన్న పని కాదు: ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నా భుజానికి, ఒక మూలుగు, ఒక ‘యేసు మరియ జోజప్ప’. అలా లేస్తూ, పిర్ర నేలమీదనుంచి లేచి, మోకాలు ఇంకా నేలకి ఆనకుండా, సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. పట్టేసిందేమో అనుకుని అమ్మ లేవబోయింది. మామ్మ చేత్తో వారించి, అలాగే ఉండి, అంది: “ఎల్లాజీ. సర్వేశ్వరా, ఈడు ఎక్కడున్నాడో నీకు తెలుసు, నాకు తెల్దు. నాకు తెల్దని సెప్పుకుంటన్నాను. ఈ జపం ఈడు ఎక్కడుంటే అక్కడికి అంపు.”

ఆవిడ మధ్యలో ఉంటే మేము కూర్చోకూడదు, మోకాళ్ళూ వెయ్యకూడదు. అందరం గాల్లో కుర్చీలు వేసుకున్నట్టు సగం లేచి, మంగళవార్త జపం మొదటినుంచి చివరిదాకా చెప్పాం. నాన్న తొడలు వణికాయి. జోజి ‘మా మరణ సమయమందును’ దగ్గర అమ్మ మీద పడ్డాడు. వాడికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. మామ్మకి రాలేదు. ఆవిడ చెయ్యి నా భుజంలో దిగిపోయి ఉంది.

బయట పెద్ద గందరగోళం.

“కూకుని సెప్పిందేటి?”

“నేదు.”

“అయితే మోకాలేసింది.”

“నేదెహె. మజ్జిలో సెప్పింది.”

“మజ్జిలో అంటే ఏటి?”

“నాకేటి తెల్సు. కిటికీలోంచి సూసినాను. కూకోనేదు, ఎయ్యనేదు. మజ్జిలో అంటే మజ్జిలో.”

తీర్పు దానయ్య చెప్పాలి. ఆయన కిటికీ దాకా వచ్చి, ఇంకా గోడ పట్టుకునే ఉన్న మామ్మని చూశాడు. “మోకాలు నేలకి తగిలిందేటి మామ్మగోరూ?” అని అడిగాడు. “నేదు దానయ్యా” అంది మామ్మ. “నాను మోకాలన్నాను. తగల్నేదు గదా. అయితే కర్మ నేదు” అని గట్టిగా చెప్పి, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఓడిపోయినవాడి నడకలా లేదది.

అప్పటినుంచి అది మా ఇంటి పద్ధతి అయిపోయింది. బతికున్నవాళ్ళు కూర్చుని, పోయినవాళ్ళు మోకాళ్ళ మీద, ఎల్లాజీ మధ్యలో. చుట్టాలు వస్తే వాళ్ళకీ నేర్పేవాళ్ళం. కొత్తల్లుళ్ళు ఒకరిద్దరు ఆ దెబ్బతో ఎప్పుడొచ్చినా పెందలాడే బయల్దేరిపోయేవారు. కాలేజీలో నన్ను కబడ్డీ జట్టులోకి తీసుకున్నప్పుడు ఆ తొడల బలం ఎక్కడినుంచి వచ్చిందో నేను చెప్పలేదు. మామ్మ మోకాలు మాత్రం ఆదివారం దాకా ఆగడం మానేసింది. పేరు చెప్పి చప్పున దిగిపోవచ్చు కదా, జపం మొత్తం అలాగే ఎందుకు అని అడిగాను. “బయట ఆ నూకాలు గుంట కూకోడానికీ నేక, నిలబడ్డానికీ నేక అలగే ఉన్నాది. దానికి తోడు కాసింతసేపు ఉంటే నాకేటైపోతాది” అంది.

నవంబరులో సమాధుల పండుగకి తోటకి వెళ్ళేవాళ్ళం. ముందురోజే కొబ్బరిపీచుతో తాత సమాధి తోమి, సున్నం కొట్టి, మర్నాడు పూలూ కొవ్వొత్తులూ. సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలవడం కల్ల. తాతకోసం వెలిగించింది ఆరిపోతే మామ్మ “సూడు, ఇప్పుడూ మాటిండు” అని మళ్ళీ వెలిగించేది. ఒక ఏడాది నూకాలత్త మాతో వచ్చింది, ఊరికే. చాలాసేపు చూసి, “సమాది నేనోళ్ళకి ఎక్కడ ఎలిగిత్తారు?” అని అడిగింది. నడుమ ఉన్న పెద్ద సిలువ దగ్గర అని చూపించింది మామ్మ. సిలువ చుట్టూ మైనం ముద్దలు ముద్దలుగా పేరుకుపోయి ఉంది. నూకాలత్త చేతిలో కొవ్వొత్తి పెట్టబోతే వెనక్కి జరిగింది. “నాను ఎలిగించను. ఊరికే అడిగినాను” అంది. మామ్మ ఆ కొవ్వొత్తిని తాతకే పెట్టేసింది, ఎలాగూ ఆయనకి ఎక్కువే కావాలని.

మామ్మ మంచాన పడ్డాక వరసలు చెప్పడం నాకు అప్పగించింది. మిగతా పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కటే చెప్పింది: “ఎల్లాజీని మజ్జిలోనే ఉంచు. నూకాలు సెప్పీదాకా కదపకు. ఇంకెవులు సెప్పినా ఇనకు.” మామ్మ పోయిన సాయంత్రం ఆవిడ పేరు మేము మోకాళ్ళ మీద చెప్పాం. తాతకి ఇక నిత్య విశ్రాంతి కష్టమే అన్నాడు నాన్న, ఏడుస్తూనే.

ఇప్పుడు మా వాళ్ళలో ఎవరైనా పోతే కుటుంబం వాట్సాప్ గ్రూపులో జోడించిన చేతుల బొమ్మ పెడతారు. పుట్టినరోజు శుభాకాంక్షలకి జవాబుగా వచ్చేదీ ఆ బొమ్మే. స్టీల్ ప్లాంటులో రిటైరైన జోజి సెక్టార్ రోడ్ల మీద వాకింగ్ చేస్తూ చెవిలో జపమాల వింటాడు. అందులో చెప్పే ఆయన జోజికన్నా వేగంగా చెబుతాడట, వాడికి చాలా సంతోషం. ఈ ఫ్లాట్ల గోడలు మందం. నేను ఏ పేరు ఏ వరసలో చెప్పినా వినేవాళ్ళు లేరు. ఎదురు ఫ్లాటాయన పోయిన సంగతి నాకు వాళ్ళ పార్కింగ్ ఖాళీగా కనబడినప్పుడు తెలిసింది. నేనూ గొప్పగా ఏమీ లేను. మోకాలు మార్చాక డాక్టరు మోకాళ్ళ మీద నిలబడవద్దన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే అందరినీ కానిచ్చేస్తున్నాను, బతికున్నవాళ్ళనీ పోయినవాళ్ళనీ. ఒక్క ఎల్లాజీ దగ్గర మాత్రం కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, కాస్త పైకి లేచి, అలాగే ఉండి జపం పూర్తిచేస్తాను. ఆ సగం లేవడానికి డాక్టరు అభ్యంతరం చెప్పలేదు. నేను అడగలేదు.

కాబట్టి నూకాలత్తకి నిజమే చెప్పాను. “ఉన్నాడత్తా. మధ్యలోనే ఉన్నాడు.”

“దించెయ్ పాపా.”

ఏమైనా కబురు తెలిసిందా అని అడిగాను. ఏ కబురూ లేదంది.

“మొన్న జొరం ఒచ్చి తొంగున్నాను. అప్పుడు ఆలోసించినాను. నాను పోతే నన్ను ఏ వరసలో సెప్తావు?”

“అవేం మాటలత్తా.”

“సెప్పవే.”

“పోయినవాళ్ళ వరసలో.”

“మరి ఆయన మజ్జిలో ఉండిపోతే? ఇన్నాళ్ళూ ఈ పక్క కూకుని సూసినాను. పోయినాక ఆ పక్క కూకుని సూడాలేటి?”

ఫాదర్‌గారు బతికి ఉంటే ఈ ప్రశ్నకి కూడా టీయే ఇప్పించేవారు. నాకు వేరే సందేహం వచ్చింది, ఆవిడ చేతుల వైపు చూశాను. నిండా ఎర్ర మట్టిగాజులు. నేను చూడడం ఆవిడ చూసింది. “గాజులు నాయి, జపం నీది. మావ ఎప్పుడో పోనాడు, ఇప్పుడు తీసీవోడెవుడు?” అంది.

సరేనన్నాను. నా మోకాలి సంగతి చెప్పాను. కుర్చీలో కూర్చుని చెబుతానన్నాను. ఆవిడకి ఒప్పలేదు. ఇన్నేళ్ళు దేనికోసం ఆపి ఉంచారో అది కుర్చీలో అయిపోతే ఎలా. “నీది మార్సినారు. నాది ముందుటిదే” అని చీర కుచ్చెళ్ళు సర్దుకుని, గోడ మీద మాత పటం ముందు, నున్నటి టైల్స్ మీద, మెట్లన్నీ ఎక్కి వచ్చిన ఆ రెండు మోకాళ్ళూ ఆనించింది. అలవాటు లేని పని. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కొంచెంసేపు గాలిలో ఉంచి, ఒళ్ళో పెట్టుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ చెబుతుందని నేను, నేను చెబుతానని ఆవిడ, ఇద్దరం పటం వైపు చూస్తూ ఉండిపోయాం.

“సెప్పు” అంది.

“నువ్వే చెప్పత్తా. నీ మొగుడు కదా.”

“మొగుడు పేరు నానెలగ సెప్తాను?” అంది, నాకు చదువు చెప్పించడం దండగన్నట్టు. “మీ మామ్మ సెప్తాదనే గదా రోజూ అరుగు మీదకొచ్చి కూకున్నాను.”

ఏ వరసలో పడుతుందో వినడానికే ఆవిడ వచ్చేదని వీధి అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

“ఎల్లాజీ” అన్నాను. “సర్వేశ్వరా, ఇతనికి నిత్య విశ్రాంతి దయచెయ్యి.”

“ఇంకోపాలి.”

మళ్ళీ చెప్పాను. కింద నీళ్ళ ట్యాంకరు హారన్ కొడుతోంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. మూడోసారి అడగలేదు, అయినా చెప్పాను. అప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, మోకాళ్ళు దులుపుకుంది. మా టైల్స్ మీద దుమ్ము లేదు, అలవాటుకి దులుపుకుంది.

“మరి ఆయన పక్కన నాకు సోటుంచు పాపా. మీవోళ్ళు సానామంది ఉన్నారు, మజ్జిలో దూరీగల్రు.”

ఉంచుతానన్నాను. ఇప్పుడు సాయంత్రాలు ఎల్లాజీ పేరు చెప్పాక, ఒక మనిషి వచ్చి సర్దుకుని కూర్చునేంతసేపు ఆగి, అప్పుడు తరవాతి పేరుకి వెళ్తున్నాను.